హాజీ కాళ్లకు పోసిన నీళ్లు

బహ్రెయిన్ పోలీసుల దగ్గర నా బకెట్టు ఒకటి ఉండిపోయింది. కొత్తదేం కాదు. గోడలకు వేసే తెల్ల పెయింటు వచ్చే పెద్ద ప్లాస్టిక్ బకెట్టు. పెయింటు అయిపోయినంక కడిగి పెట్టుకుంటం. అందులోనే బట్టలు నానబెడుతం, నీళ్లు పట్టుకుంటం, బోర్లేసి దాని మీదనే కూసుంటం. దుబాయికి పోయినోని గదిలో మంచం లేకున్నా పెయింటు బకెట్టు ఉంటది. దుబాయి అన్నానని తికమక పడొద్దు. మా జగిత్యాల దిక్కు గల్ఫులో ఏ దేశానికి పోయినా దుబాయి పోయిండనే అంటరు. నేను పోయింది బహ్రెయిన్‌కు.

ఆ బకెట్టులో పెట్రోలు ఉండెనని పోలీసులు రాసుకున్నరు. అందులో ఉన్నవి నీళ్లు. నల్లా కింద పట్టింది నేను, తెచ్చి పోసింది నేను. ఎందుకు పోసినో చెప్పుకోవాలంటే మా ఊరి సంగతి కూడా చెప్పాలె.

నాది మేస్త్రీ పని. గోడలకు, సీలింగులకు ప్లాస్టర్ చేస్త. బడికి పోయింది లేదు. చదువు ఎట్ల అబ్బిందో తర్వాత చెప్త. సిత్రాలో రిఫైనరీ పక్కన క్యాంపులో ఏండ్లకేండ్లు ఉన్నంక, మా కఫీల్, అంటే మా వీసాల యజమాని, కొందరిని కర్జకాన్ అనే ఊరికి మార్చిండు. ద్వీపానికి పడమటి దిక్కు ఊరది. ఖర్జూర తోటలు, పాత ఇండ్లు, ఇరుకు సందులు. ఒక పాతింట్ల నేను, నా భార్య తమ్ముడు, ఇంకొందరం ఉంటిమి. నా బామ్మర్ది తలుపులకు రంగులేస్తడు. పనికంటే నోరెక్కువ.

గోడకవతలి ఇంట్ల ఒక ముసలాయన. రిఫైనరీలో పనిచేసి రిటైరైనోడు. అక్కడ మనోళ్లతో కలిసి పనిచేసి కొంచెం హిందీ నేర్చుకున్నడు. మక్కాకు పోయొచ్చిండు కాబట్టి ఊరంత హాజీ అనేది, మేమూ అట్లనే అన్నం. ఈ దేశంలో మా అసొంటి కూలోళ్లను 'రఫీక్' అని పిలుస్తరు. ఆ మాటకు దోస్తు అని అర్థమట. పిలిచే తీరు చూస్తే ఆ అర్థం ఎక్కడా కనపడదు. హాజీ ఒక్కడు నన్ను ఆ మాటతో పిలువలేదు. ఆయన మిద్దె మీది నీళ్ల ట్యాంకుకు పగులు వస్తే సిమెంటుతో పూడ్చిన. ఆ రోజు నుంచి 'ఉస్తాద్' అన్నడు. గోడ మీదికెల్లి ఖర్జూరాలు అందిచ్చేది. మేము పప్పు పులుసు పంపితే, కారానికి కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటనే గిన్నె ఖాళీ చేసి పంపేది.

మేము ఆ ఊరికి వచ్చి నెల గూడ కాలేదు, మొహర్రం వచ్చింది. సందు సందుకు నల్లజెండాలు కట్టిన్రు. క్యాంపులో ఉన్నన్నాళ్లు ఇవేం కనపడలేదు; మా బామ్మర్ది, నేను ఆ జెండాలను చూసి సంబరపడ్డం. మా దిక్కు మొహర్రం అంటే పీర్ల పండుగ. ఊర్లె తురుకల ఇండ్లు రెండు మూడే ఉన్నా పండుగ మాత్రం ఊరందరిది. పీరంటే కర్రకు బిగించిన ఇత్తడి చెయ్యి. దానికి రంగురంగుల పట్టీలు కట్టి, ఎత్తుకొని, డప్పులతో ఊరేగిస్తరు. ఎత్తుకునేది మా దగ్గర కమ్మరోళ్లు. ఇంటి ముందుకు పీరు వస్తే ఆడోళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ఎత్తుకున్నోని కాళ్ల మీద పోస్తరు. ఎండలో, మంటల పక్క నుంచి నడిచి వచ్చిన కాళ్లు గదా. మా అమ్మ పోస్తుంటే నేను పక్కన నిలబడి చూసేటోణ్ని. ఎందుకమ్మా అంటే, "దూపతోని పోయిన దొరలు బిడ్డా ఆళ్లు, మనూరికి వచ్చినప్పుడన్న నీళ్లు దొరకాలె" అనేది. హుసేన్ దొర దూపతోని పాణం విడిచిన కర్బలా ఎక్కడుందో మా అమ్మకు తెల్వదు. ఆమె చెప్పింది మాత్రం ఇన్నేండ్లయినా నేను మరువలేదు.

ఆ మొహర్రంల ఒక శుక్రవారం, సెలవు. పొద్దు వాలుతున్నది. నేను వాకిట్ల బట్టలు పిండుతున్న. బామ్మర్ది మిద్దె మీద ఆరేస్తున్నడు. దూరంగ డప్పు వినవడ్డది.

"బావా, పీర్లొస్తున్నయే" అన్నడు మీదికెల్లి.

"మంచిగ చూసి చెప్పు."

"ఏం చూసుడు, ఎత్తుకొని వస్తనే ఉన్నరు. పట్టీలు గూడ కట్టిన్రు. నువ్వు సబ్బు నీళ్లతోని బయటికి పోకు, ఇజ్జత్ పోతది."

సబ్బునీళ్లు పారబోసిన. బకెట్టును రెండుసార్లు కడిగి, మంచి నీళ్లు నిండుగ పట్టిన. చెప్పులు విడిచి, లుంగీ పైకి కట్టుకొని దర్వాజ ముందర నిలబడ్డ. జనం సందులోకి మళ్లిన్రు. ఎండ వాళ్ల వెనక నుంచి కొడుతున్నది, కర్రల మీద ఎత్తినయి ఏందో సరిగ్గ కనపడలేదు. మెరుస్తున్నయి, పట్టీలు ఊగుతున్నయి. ముందు ఒకటి ఎత్తుకొని నడిచేటాయన మా హాజీనే. నాకింక అనుమానమేముంది? వంగి ఆయన కాళ్ల మీద నీళ్లు పోసిన.

హాజీ ఆగిండు. తోలు చెప్పులు తడిసినయి, మడమల దాక వేలాడే తెల్ల చొక్కా అంచు నుంచి మోకాళ్ల దాక తడిసింది.

"క్యా కర్‌తా ఉస్తాద్?" అన్నడు.

"మా ఊర్లె గిట్లనే చేస్తం హాజీ. పీరు ఇంటి ముందుకొస్తే."

ఆయనకు అర్థం కాలేదు. వచ్చిన హిందీలో, చేతులతో, హుసేన్ పేరుతో చెప్పిన. అప్పుడు అర్థమైంది. ముఖమంత మారిపోయింది. వెనక్కి తిరిగి అరబ్బీలో జనానికి చెప్పిండు. ఒక్కసారి అందరూ నవ్విన్రు. ఎక్కిరించే నవ్వు కాదది; ఇంటికి చుట్టం వస్తే నవ్వినట్టు నవ్విన్రు. ఒకామె చిన్న బిడ్డను ముందుకు తోసింది, దాని కాళ్లకు గూడ పొయ్యమని. పోసిన. ఆ పిల్ల చల్లగ తగిలి గంతేసింది.

అప్పుడు తలెత్తి చూసిన. కర్రల మీద ఉన్నవి పీర్లు కావు, ఫోటోలు. అద్దాల ఫ్రేముల్లో పడుచు పిల్లల ముఖాలు, ఒక ఆడపిల్ల, ఒక నెరిసిన గడ్డపాయన. మూలలకు కట్టినవి ఎర్ర తెల్ల గుడ్డ పేలికలు.

"వీళ్లెవరు హాజీ?"

"జైల్ల ఉన్నరు. ఇదిగో, ఇతను నా తమ్ముని కొడుకు. ఏం చేసిండంటే మాట్లాడిండు. విడిచిపెట్టమని అడగడానికి పోతున్నం. అంతే."

నేను బకెట్టు పట్టుకొని నిలబడ్డ. మీద బామ్మర్ది మెల్లగ అన్నడు: "బావా, ఇవి పీర్లు కావే. లోపటికి రా."

నేను హాజీని అడిగిన, "సగం నీళ్లు మిగిలినయి. పొయ్యనా వద్దా?"

హాజీ ఆ ఫోటో దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "పొయ్యి" అన్నడు.

పోసిన. లోపటికి పోయి అదే బకెట్టును మళ్లా నింపుకొచ్చేసరికి జీపులు సందు చివర కోల్డ్ స్టోరు దగ్గర అడ్డం పెట్టి ఉన్నయి. కోల్డ్ స్టోరంటే అక్కడ కిరాణ దుకాణం. మైకులో ఏదో చెప్పిన్రు. జనం ముందుకు పోలేదు, ఎనుకకు పోలేదు. ఉన్నచోటనే నేల మీద కూసున్నరు. అరచేతులు పైకెత్తి చూపించిన్రు. ముసలోళ్లు, ఆడోళ్లు, చంకల పిల్లలు. నా కండ్లతో చూసిన, ఒక్కని చేతిలో రాయి లేదు. ఫోటోలున్నయి, అంతే.

టియర్ గ్యాస్ గోలీలు వచ్చి పడ్డయి. పొగ. ఇరుకు సందు, పొగ పోవడానికి తావు లేదు. కండ్లల్ల కారం కొట్టినట్టు అందరు దగ్గుతున్నరు, పడుతున్నరు. హాజీ తన ఫోటోను పక్కనోనికి ఇచ్చి, నా చేతిలో నుంచి బకెట్టు గుంజుకున్నడు. "ఇయ్యి ఉస్తాద్." దోసిట్ల ముంచి ముంచి ఆడోళ్ల ముఖాల మీద, పిల్లల కండ్ల మీద కొట్టుకుంట తిరుగుతున్నడు. ఇందాక గంతేసిన పిల్ల ముఖం గూడ ఆయనే కడిగిండు.

పోలీసులు ఉరికొచ్చిన్రు. హాజీ అప్పుడే బకెట్టును రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నడు. లాఠీ మోచేయి మీద పడ్డది. ఆ చప్పుడు గోడకు తాపీ తగిలినట్టుండె. హ్యాండిల్ వేళ్లకు చిక్కుకున్నట్టుంది, చెయ్యి విడువలేకపోయిండు. విడువనందుకు ఇంకోటి, ఇంకోటి. ముసలోడు మోకాళ్ల మీద కూలిండు, నీళ్లన్ని ఆయన మీదనే ఒలికినయి.

కొట్టేటోళ్లు ఉర్దూలో తిడుతున్నరు. అంటే ఈ దేశపోళ్లు కారు. వాళ్లు కూడా నా లెక్కనే పొట్ట కోసం విమానం ఎక్కి వచ్చినోళ్లు. నన్ను గోడలకు ప్లాస్టర్ చెయ్యమని తెచ్చుకున్నరు, వాళ్లను మనుషులను కొట్టమని తెచ్చుకున్నరు.

"పానీ హై భాయ్, సిర్ఫ్ పానీ హై" అని నడుమకు పోయిన.

"అందర్ జా బుడ్ఢే" అని నా వీపు మీద ఒకటిచ్చిండు ఒకడు. బామ్మర్ది ఎప్పుడు దిగి వచ్చిండో, నడుము పట్టుకొని నన్ను లోపటికి గుంజిండు. తలుపు సందులోంచి చూస్తే, హాజీని రెక్కలు పట్టి జీపులోకి ఎక్కిస్తున్నరు. ఆయన చెప్పు ఒకటి సందులో పడిపోయింది. ఒక పోలీసు ఆ బకెట్టును గూడ ఎత్తుకొని పోయిండు. ఖాళీ బకెట్టు ఏం చేసుకుంటరో నాకు అప్పుడు అర్థం కాలేదు.

వీపు మండుతుంటే బోర్ల పడుకొని నేను బహ్రెయిన్ గురించి ఆలోచించలేదు. మా అడవి అంచు ఊరు గుర్తుకొచ్చింది. మీసం రాని వయసు నాకు. ఎండకాలం బీడీలు చుట్టే తునికాకు తెంపేటోళ్లం. కట్టకు ఇచ్చేది పెంచుమని కూలోళ్లమంత రోడ్డు మీద కూసున్నం. మా తలల మీద తునికాకు కట్టలు, చేతుల్ల ఏం లేవు. పోలీసులొచ్చి కొట్టిన్రు. మా అన్నకు అప్పటి నుంచి ఒక చెవి వినపడలేదు. మరునాడు హోటలు కాడ ఒకాయన పేపరు చదివి చెప్పిండు: కూలీలు రాళ్లు రువ్విన్రట, పోలీసులు ఆత్మరక్షణ కోసం కొట్టిన్రట. పేపరు చేతిలోకి తీసుకొని చూసిన. నల్లటి చీమలు. నా మీద అబద్ధం రాసి ఉన్నది, అది ఏ వరుసలో ఉన్నదో గూడ నాకు తెల్వదు. ఆ కోపంతోని అక్షరాలు నేర్చుకున్న. దుకాణాల బోర్డులు చూసి, పొట్లాలు విప్పి, అడిగి అడిగి నేర్చుకున్న. నేర్చుకున్నంక గూడ ఒక సంగతి లోపల ఉండిపోయింది. ఆ రోజు ఏం జరిగిందో చూసినోళ్లం ఊరంత ఉన్నం. ఒక్కరన్నా వచ్చి మమ్ముల అడుగలేదు.

రెండు మూడు రోజులకు హాజీ ఇంట్ల పనిచేసే ఆమె మా తలుపు కొట్టింది. గోదావరి దిక్కు మనిషి. ఆ ఇంట్ల చాన్నాళ్ల నుంచి ఉండబట్టి అరబ్బీ బాగా వచ్చు.

"అన్నయ్యగారూ, మీతో ఒక మాట చెప్పాలండి."

"చెప్పమ్మా. హాజీ ఎట్ల ఉన్నడు?"

"చెయ్యి విరిగిందంటండి. కట్టు కట్టారంట. అది కాదండి. ఆయన పెట్రోలు మోసుకొచ్చారని రాశారంటండి. సీసాల్లో పోసి పోలీసుల మీద వేయడానికంట. చొక్కా తడిసిపోయి ఉందిగా, బకెట్టు వాసన వస్తోందిగా. అదే రుజువంటున్నారు."

బామ్మర్ది ముఖం పాలిపోయింది. తలుపులకు నూనె రంగు వేసినంక బ్రష్షులను థిన్నర్‌లో వాడు కడిగేది ఆ బకెట్టులోనే. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన ప్లాస్టిక్‌ను విడువదు.

"అది రుజువైతే ఎన్నేండ్లు పడ్తదమ్మా?"

"చాలా ఏళ్లంటండి. ఈ వయసులో ఇంక ఇంటికి రారనే అనుకుంటున్నారు."

"మరి హాజీ భార్య నన్ను పిలువమన్నదా?"

"లేదండి. అడగొద్దనే అన్నారు. పొట్ట చేత పట్టుకుని వచ్చిన మనిషి, మన గొడవలోకి లాగితే పాపం అన్నారు. నాకే మనసొప్పక వచ్చానండి. ఆ నీళ్లు మీరు పోశారని సందంతా తెలుసు. కానీ సందులో వాళ్ల మాట పోలీసులు నమ్మరు కదండీ. మీరైతే ఊరివాళ్లు కాదు, ఆ మతం కాదు."

ఆమె పోయినంక బామ్మర్ది నా ఎదురుగ బోర్లేసిన బకెట్టు మీద కూసున్నడు.

"బావా, పోతే వీసా క్యాన్సల్ చేసి పంపుతరు."

"పంపితే ఎక్కడికి పంపుతరురా? ఇంటికే గద."

"ఇంటికి పంపకుండ లోపటేస్తే? అక్కకు నేనేం జవాబు చెప్పాలె?"

"మీ బావ నీళ్లు పోసినందుకు జైలుకు పోయిండని చెప్పు. నమ్ముతది. నా సంగతి దానికి తెలుసు."

"నమ్ముతది. నన్ను మాత్రం సంపుతది" అన్నడు వాడు. "థిన్నర్ నేనే పోసిన్నని గూడ చెప్పు. నన్ను గూడ పిలిస్తే వస్త." నోరు ఎంత పెద్దగున్నా నా బామ్మర్ది చెడ్డోడు కాదు.

మా కఫీల్‌ను మేము అర్బాబ్ అని పిలుస్తం; ఆయనకు చెప్పకుండ పోతే మాట పోతది. సీఫ్ అనే చోట పెద్ద పెద్ద షాపులున్న ఒక బిల్డింగులో అప్పుడు పని నడుస్తున్నది, ఆయన అక్కడికి వచ్చినప్పుడు చెప్పిన. ఆయన తల పట్టుకున్నడు.

"నిన్ను ప్లాస్టర్ చెయ్యడానికి తెచ్చిన. నీళ్లు పొయ్యడానికి కాదు."

"ప్లాస్టర్‌కు గూడ నీళ్లు పోస్తేనే గద నిలుస్తది అర్బాబ్."

ఆయనకు నవ్వు వచ్చింది, ఆపుకున్నడు. అటూ ఇటూ చూసి, "నువ్వు నాకు చెప్పలేదు, నేను వినలేదు. ఖలాస్. ఈ గోడలు సగంల ఉన్నయి, అవి అయ్యేదాక మాత్రం జైలుకు పోకు" అని పోయిండు. ఆ మనిషి దగ్గర అంతకంటే ఎక్కువ నేను ఆశించలేదు. అంత గూడ ఆశించలేదు.

హాజీ తరఫున వాదించే వకీలమ్మ నన్ను సర్కారు వకీలు ఆఫీసుకు తీసుకపోయింది. చల్లటి గది. బల్లకవతల పడుచు ఆఫీసరు. నా మాటను అరబ్బీ చెయ్యడానికి యూనిఫాం వేసుకున్న ఒక ఉర్దూ మనిషి. సరిహద్దు అవతలి దేశమోడు, మాటలోనే తెలిసింది. అతన్ని చూడంగనే వీపు మీది దెబ్బ మళ్లా మండింది. నా మాట వీని నోట్లోంచి పోవాల్నా అనుకున్న.

అడగడం మొదలైంది. బకెట్టు ఎవరిది, నాది. లోపల ఏముండె, నీళ్లు. వాసన ఎందుకొచ్చింది, థిన్నర్. రంగులేసేటోని బకెట్టు అత్తరు వాసన రాదు గదా అన్న. అది అతను తర్జుమా చేసిండో లేదో తెల్వదు, ఆఫీసరు నవ్వలేదు.

"నువ్వు హిందువువు" అన్నడు ఉర్దూ మనిషి, ఆఫీసరు అడిగినదాన్ని మార్చి. "రోడ్డు మీద పోయే ముసలోని కాళ్ల మీద నీళ్లు ఎందుకు పోసినవ్? ఎవరు పొయ్యమన్నరు?"

"మా అమ్మ."

"మీ అమ్మ ఎక్కడున్నది?"

"ఎప్పుడో పోయింది."

ఆఫీసరుకు కోపం వచ్చినట్టుంది. నేను కూసున్నచోటనే నిమ్మళంగ చెప్పుకొచ్చిన. మా ఊరు, పీరు, కమ్మరోళ్లు ఎత్తుకునుడు, ఇంటి ముందుకు వస్తే ఆడోళ్లు బిందెలు తెచ్చుడు. ఫోటోలను చూసి పీర్లనుకున్నం, ఎండ మా కండ్లల్ల కొట్టింది, అది మా పొరపాటు అన్న.

"హుసేన్ మీకేమైతడు?" అని అడిగిండు ఉర్దూ మనిషి. ఇది ఆఫీసరు అడిగింది కాదు. తనంతట తానే అడిగిండు.

"ఏమైతడో నాకు తెల్వదు భాయ్. దూపతోని పోయిండని మా అమ్మ చెప్పింది. మనూరికి వచ్చినప్పుడన్న నీళ్లు దొరకాలె అన్నది. అందుకే పోస్తం."

అతను నా ముఖం చూసిండు. అటెన్క ఆఫీసరు దిక్కు తిరిగి మాట్లాడిండు. నేను చెప్పిందానికంటే చాలా ఎక్కువసేపు మాట్లాడిండు. నాకు అరబ్బీ అంత రాదు. 'మాయ్' అంటే నీళ్లు, అది తెలుసు. ఆ మాట మళ్లా మళ్లా వినవడ్డది.

ఆఫీసరు ఇంకొకటి అడిగిండు. నీళ్లని నువ్వంటే ఎట్ల నమ్మాలె అని.

"ఒక తల్లి తన చిన్న బిడ్డను ముందుకు తోసి దాని కాళ్లకు పోయించుకున్నది సార్. తర్వాత హాజీ అదే బకెట్టు నీళ్లతోని ఆ పిల్ల కండ్లు కడిగిండు. పెట్రోలుతోని పిల్ల కండ్లు కడుగుతరా?"

వకీలమ్మ తలూపింది. ఆ తల్లి వచ్చి చెప్పడానికి తయారుగ ఉన్నదని చెప్పినట్టున్నది. అయిపోయింది అన్నట్టు ఆఫీసరు కాయితాలు సర్దుతున్నడు. నాకు అయిపోలేదు. తునికాకు రోడ్డు మీద కూసున్నప్పుడు నన్ను ఎవరూ అడుగలేదు. ఇప్పుడు ఎవరో ఒకరు అడిగి, నా ముందర కలం పట్టుకొని కూసున్నరు. సగం చెప్పి లేస్తనా?

"ఇంకొకటి రాయిమను భాయ్. కొట్టినప్పుడు ఆయన రెండు చేతులు ఆ బకెట్టు హ్యాండిల్‌లో ఉండె. ఎవరి మీదికి లేపడానికి ఖాళీ చెయ్యి లేదు. జనమంత నేల మీద కూసొని ఉండె. రాళ్లు లేవు. నా వీపు మీద గూడ కొట్టిన్రు, కావాలంటే చూపిస్త."

ఉర్దూ మనిషి గొంతు తగ్గించిండు. "చాచా, ఇది గూడ చెప్పాల్నా?"

"చెప్పాలె."

చెప్పిండు. చెప్పిండని నాకెట్ల తెలుసంటే, ఆఫీసరు కలం ఆగిపోయింది. కాసేపటికి మళ్లా కదిలింది. చివరికి వేలిముద్రకు సిరా డబ్బా నా ముందుకు నూకిండు. పక్కకు జరిపి, నా పేరు తెలుగులో పూర్తిగ రాసిన.

బయటికి వస్తుంటే ఉర్దూ మనిషి వరండాలో నీళ్ల కూలర్ దగ్గర నిలబడి ఉన్నడు. గ్లాసు నింపి నాకు ఇచ్చిండు.

"మొహర్రంల మా నాన్న గూడ రోడ్డు పక్కన నీళ్ల కుండలు పెడుతడు చాచా. వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఎవరైనా తాగొచ్చు."

నీళ్లు తాగిన. దూపైంది, కాదన్నుడెందుకు. "మరి ఇక్కడ నీళ్లిచ్చేటోని చెయ్యి ఎందుకు విరగ్గొట్టిన్రు భాయ్?"

"నేను కొట్టలేదు. నాది మాటలు మార్చే పని."

"కొట్టేటోళ్లు మీ గదుల్లోనే పండుకుంటరు గద. వాళ్లకు గూడ మార్చి చెప్పు."

అతను నా చేతిలోంచి గ్లాసు తీసుకొని కడిగి బోర్లేసిండు. చెప్పిండో లేదో నాకు తెల్వదు. చెప్పిండనే అనుకుంట, అట్ల అనుకోవడానికి నాకేం ఖర్చు కాదు.

పెట్రోలు మాట కేసులోంచి పోయింది. అనుమతి లేకుండ నడిచిన తప్పు మాత్రం నిలిచింది; దానికి ఇంకొన్ని వారాలు లోపల పెట్టిన్రు. కొట్టినోళ్లను ఎవరూ ఏమీ అడుగలేదు. హాజీ తమ్ముని కొడుకు ఇంకా జైల్లనే ఉన్నడు. ఈ రెండూ రాయకుంటే నేను గూడ ఆనాటి పేపరు లెక్కనే రాసినట్టయితది.

నన్ను ఎవరూ పంపలేదు. సీఫ్‌లో గోడలు పూర్తి చేసిన, ఇంకో చోట మొదలుపెట్టిన.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న. గోడ మీదికెల్లి "ఉస్తాద్" అని వినవడ్డది. బకెట్టు హ్యాండిల్ లెక్క వంగిన చెయ్యి ఒకటి గోడ మీద కనపడ్డది. మోచేయి తిన్నగ రాదిక ఆయనకు. ముఖం పీక్కపోయింది, గడ్డం ఇంకింత తెల్లబడ్డది. గోదావరామె వెనక నిలబడి కొంగుతో కండ్లు తుడుచుకుంట నవ్వుతున్నది. "చూసారా అన్నయ్యగారూ, వచ్చీరాగానే ఇక్కడికే వచ్చారండి. టీ కూడా తాగలేదు."

హాజీ మంచి చేత్తో గోడ మీద ఒక కొత్త బకెట్టు పెట్టిండు. రేకుది, మెరుస్తున్నది.

"నీది వాళ్లు ఇయ్యలేదు. ఇది తీసుకో. ఇందులో బ్రష్షులు కడుగకుమని నీ బామ్మర్దికి చెప్పు."

"చెప్తే వింటడా హాజీ వాడు?"

"వాసన చూసుకో" అన్నడు. చూసిన. రేకు వాసన, అంతే. ఇద్దరం నవ్వినం. ఆయన నవ్వుతుంటే చెయ్యి నొచ్చినట్టుంది, నవ్వుకుంటనే పట్టుకున్నడు.

చలికాలం వచ్చినంక ఒక శుక్రవారం మళ్లా డప్పు వినవడ్డది. మునుపటికంటే తక్కువ మంది. మిద్దె మీదికెల్లి బామ్మర్ది, "బావా, ఈసారి ఫోటోలేనే. మంచిగ చూసిన" అన్నడు. జీపులు కోల్డ్ స్టోరు దగ్గర అప్పటికే వచ్చి ఉన్నయి. వాళ్లు దిగుతరో దిగరో ఎవరికీ తెల్వదు. నా వీపుకైతే భయమే. కొత్త బకెట్టు నింపుకొని దర్వాజ తీసిన.

సందు దిక్కు చూసిన. ప్రతి ఇంటి గడప ముందర ఆడోళ్లు నిలబడి ఉన్నరు. ఒకామె చేతిలో జగ్గు, ఒకామె చేతిలో కెటిల్, ఒక ముసలామె దగ్గర చెట్లకు నీళ్లు పోసే పైపు. నడిచి వచ్చేటోళ్ల కాళ్ల మీద పోస్తున్నరు. ఆ ఊరి ఆచారం కాదది, మాది. ఎవరు ఎవరికి చెప్పిన్రో, ఏమని చెప్పిన్రో. ఆ చిన్నపిల్ల గూడ చాయ్ గ్లాసుతోని పోస్తున్నది. సందంత బురద. "రేపు ఈ బురద మన గదిలనే" అని గొణిగిండు బామ్మర్ది. గొణుక్కుంటనే దిగి వచ్చి, నా పక్కన మగ్గు పట్టుకొని నిలబడ్డడు.

జీపులు కదలలేదు. ఆ రోజైతే కదలలేదు.

హాజీ ముందు నడుస్తున్నడు. ఫోటోను వంగిన చేతి సందులో ఇరికించుకొని, మంచి చేత్తో పట్టుకున్నడు. మా గడప ముందుకు రాంగనే ఆగిండు. తోలు చెప్పులు విడిచి పక్కన పెట్టిండు, ఈసారి తడవకుండ. తెల్ల చొక్కా అంచు మీదికి పట్టుకొమ్మని వెనకోనికి సైగ చేసిండు. రెండు పాదాలు ముందుకు పెట్టిండు.

"యల్లా ఉస్తాద్, పొయ్యి" అన్నడు.

వంగి నీళ్లు పోసిన.